నటనే బతుకుతెరువుగా: కనిపించడం వేరు, ఎంపికవడం వేరు, డబ్బు రావడం వేరు

నటులు కావాలనుకునేవాళ్లకి ఇప్పుడు రెండు రకాల మాటలు ఒకేసారి వినిపిస్తున్నాయి. ఒకటేమో, చేతిలో ఫోన్ ఉంటే చాలు, ఎవరి గుమ్మం ముందూ పడిగాపులు కాయక్కర్లేదు, టాలెంట్ ఉంటే ప్రపంచమే వెతుక్కుంటూ వస్తుంది అని. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: ఏఐ వచ్చేసింది, ఇక మనుషులతో పనే ఉండదు, ఈ రంగంలోకి కొత్తగా దిగడం బుద్ధి తక్కువ పని అని. 2023లో అమెరికా నటుల యూనియన్ శాగ్-ఆఫ్ట్రా 118 రోజులు సమ్మె చేసినప్పుడు ఈ రెండో మాట గట్టిగా వినపడింది, 2025 సెప్టెంబరులో టిల్లీ నార్‌వుడ్ అనే, కంప్యూటర్‌లో పుట్టిన "నటి" వార్తల్లోకి ఎక్కినప్పుడు ఇంకా గట్టిగా వినపడింది.

రెండిట్లోనూ కొంత నిజం ఉంది. తికమకంతా ఎక్కడొస్తోందంటే, మూడు వేర్వేరు విషయాల్ని ఒకే ముద్దగా కలిపి మాట్లాడటం దగ్గర. జనానికి కనిపించడం ఒకటి. ఒక పాత్రకి ఎంపికవడం ఇంకొకటి. చేసిన పనికి డబ్బు చేతికి రావడం మూడోది. ఒకప్పుడు ఈ మూడూ దాదాపు కలిసే నడిచేవి. తెర మీద కనిపించారంటే ఎవరో ఒకరు ఎంపిక చేసినట్టే, ఎంపిక చేశారంటే ఎంతో కొంత ముట్టినట్టే (ఎగ్గొట్టినవాళ్ల సంగతి పక్కన పెడదాం, వాళ్లు ప్రతి కాలంలోనూ ఉన్నారు). ఇప్పుడు లక్షల మందికి కనిపిస్తూ ఒక్క పాత్రకీ ఎంపిక కానివాళ్లున్నారు, ఏడాదంతా పని చేస్తూ ఎవరికీ మొహం తెలియనివాళ్లూ ఉన్నారు. ఇంటర్నెట్ మొదటిదాన్ని బాగా తేలిక చేసింది, రెండోదాని పద్ధతి మార్చేసింది, మూడోదాన్ని చిక్కుముడి చేసి పెట్టింది. ఈ వ్యాసం ఆ ముడిని వరసగా విప్పే ప్రయత్నం.

వర్కింగ్ యాక్టర్ అంటే ఎవరు

స్టార్ అంటే అందరికీ తెలుసు. హాబీగా నాటకాలు, షార్ట్ ఫిల్ములు చేసేవాళ్లూ తెలుసు. ఈ ఇద్దరి మధ్యలో ఉండేవాళ్లే వర్కింగ్ యాక్టర్లు: నటన వల్ల వచ్చే ఆదాయంతోనే పూర్తిగానో, చాలావరకో ఇల్లు నడుపుకునేవాళ్లు. సీరియల్లో డాక్టరు, సినిమాలో రెండు సీన్ల లాయరు, ప్రకటనలో పక్కింటావిడ, కంపెనీ ఉద్యోగులకు చూపించే శిక్షణ వీడియోలో మేనేజరు, ఆడియోబుక్‌లో గొంతు, వీడియో గేమ్‌లో ఒంటినిండా సెన్సార్లు తగిలించుకుని గెంతే మనిషి, ఇంకో భాష నుంచి వచ్చిన సినిమాకి డబ్బింగ్ చెప్పే కళాకారిణి, వీళ్లంతా ఈ కోవలోకే వస్తారు. ఒక్కోసారి ఇవన్నీ చేసేది ఒక్కరే.

మధ్యలో ఉన్న ఈ మెట్టు ఎంత ఇరుకైనదో చెప్పడానికి తరచూ వాడే లెక్క ఒకటుంది. శాగ్-ఆఫ్ట్రాలో సుమారు 1,60,000 మంది సభ్యులు. 2023లో ఆ యూనియన్ ఆరోగ్య బీమాకి అర్హత రావాలంటే ఆ ఏడాది యూనియన్ పనుల్లో కనీసం 26,470 డాలర్లు సంపాదించాలి, అమెరికాలో అది పెద్ద జీతమేమీ కాదు. సమ్మె సమయంలో యూనియన్ తరఫువాళ్లే చెప్పిన ప్రకారం దాదాపు 86 శాతం మంది ఆ గీత దాటలేదు. ఈ అంకెని చూసి గుండెలు బాదుకునే ముందు ఒక మాట. ఆ సభ్యత్వంలో ఎప్పుడో కార్డు తీసుకుని ఇప్పుడు వేరే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లున్నారు, రిటైరైనవాళ్లున్నారు, రేడియో టీవీ వ్యాఖ్యాతలూ ఉన్నారు. కాబట్టి "ప్రయత్నించేవాళ్లలో 86 శాతం మంది విఫలమవుతారు" అని దానికి అర్థం చెప్పడం తప్పు. ఎన్ని మినహాయింపులు చెప్పుకున్నా, సంఘటితంగా అంత బలమున్న చోట కూడా నటనతో స్థిరంగా బతికేవాళ్లు తక్కువమందేనన్న సంగతి మాత్రం మారదు.

ఎంపిక దారి ఎలా మారింది

బ్రిటన్‌లో స్పాట్‌లైట్ అనే నటుల డైరెక్టరీ 1927లో మొదలైంది. నటుల ఫొటోలు, వివరాలు అచ్చువేసిన లావుపాటి పుస్తకం అది, కాస్టింగ్ చేసేవాళ్లు పేజీలు తిరగేసి పిలిచేవాళ్లు. ఇప్పుడది వెబ్‌సైటు. ఇలాంటి వేదికలు చాలాచోట్ల ఉన్నాయి. పద్ధతి స్థూలంగా అన్నిచోట్లా ఒకటే: నిర్మాణ సంస్థ, పాత్రలకి తగ్గ నటుల్ని వెతికిపెట్టే కాస్టింగ్ డైరెక్టర్‌ని పెట్టుకుంటుంది, ఆయనో ఆవిడో పాత్రల వివరాలతో ఒక ప్రకటన తయారుచేసి, నటుల తరఫున పని వెతికే ఏజెంట్లకి పంపుతారు, లేదా వేదికల్లో పెడతారు, ఏజెంట్లూ నటులూ ప్రొఫైళ్లు పంపుతారు, వాటిలోంచి కొందరిని ఆడిషన్ టేపు అడుగుతారు, నచ్చినవాళ్లని మళ్లీ పిలుస్తారు, దాన్నే కాల్‌బ్యాక్ అంటారు. చివరి మాట కాస్టింగ్ డైరెక్టర్‌ది కాదు. దర్శకుడు, నిర్మాత, ఒక్కోసారి చానెలో స్ట్రీమింగ్ సంస్థో చెబుతుంది. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు, కాస్టింగ్ డైరెక్టర్ని గేటు దగ్గర అడ్డుగా నిలబడ్డ మనిషిగా చూస్తారు. నిజానికి ఆ మనిషికి కావలసింది తన దర్శకుడి ముందు గర్వంగా పెట్టగల నాలుగు మంచి టేపులు, అవి ఎవరు పంపినా సంతోషమే.

మధ్యలో ఒక దశ ఉంటుంది, దాని గురించి బయటివాళ్లకి తెలియదు. "ఫలానా తేదీల్లో ఖాళీగా ఉన్నారా, ఉంచుకోగలరా" అని అడుగుతారు. ఎంపికైనట్టు కాదు, కానట్టూ కాదు. ఇద్దరు ముగ్గురిని ఇలా పట్టి ఉంచి చివర్లో ఒకరిని తీసుకుంటారు, మిగతావాళ్లకి చాలాసార్లు కబురు కూడా రాదు. ఈ వృత్తిలో టెన్షన్ ఎక్కువగా ఉండేది ఆడిషన్ దగ్గర కాదు, ఈ ఎదురుచూపు దగ్గర.

సెల్ఫ్ టేప్: తలుపు తెరుచుకుంది, ఖర్చు చేతులు మారింది

నటుడే ఇంట్లో తన ఆడిషన్‌ని వీడియో తీసి పంపడాన్ని సెల్ఫ్ టేప్ అంటారు. కొవిడ్‌కి ముందు కూడా ఉండేది, దూరాన ఉన్నవాళ్లకి ఒక వెసులుబాటుగా. 2020లో అందరూ ఇళ్లల్లో ఉండిపోయాక అదే మామూలు పద్ధతైపోయింది, ఆ తర్వాత తలుపులు తెరిచినా చాలామంది వెనక్కి వెళ్లలేదు.

టేపు కోసం పంపే సంభాషణల పేజీల్ని సైడ్స్ అంటారు. కెమెరా పక్కన నిలబడి ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి రీడర్. మొదట్లో పేరు, ఎత్తు వగైరా చెప్పే చిన్న పరిచయం స్లేట్. వెనక గోడ ఖాళీగా ఉండాలి, మొహం మీద వెలుగు సమంగా పడాలి, చూపు లెన్స్‌కి కాస్త పక్కన ఉండాలి, అన్నిటికన్నా ముందు మాట స్పష్టంగా వినపడాలి. సాంకేతికంగా ఇంతే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఆపేస్తారు.

దీనివల్ల లాభం ఎవరికి అన్నది చూస్తే కథ ఆసక్తిగా ఉంటుంది. ఊహా లెక్క ఒకటి వేద్దాం. గదిలో ముఖాముఖిగా ఆడిషన్ చేస్తే మనిషికి పది నిమిషాలు చొప్పున ఆరు గంటల్లో 36 మందిని చూడొచ్చు. అదే మూడేసి నిమిషాల టేపులైతే ఆరు గంటల్లో 120. అంటే ఎక్కడో మూలనున్న, ఏజెంటు లేని నటికి కూడా ఆ 120లో చోటు దొరకొచ్చు, గదిలో 36 మందే అయినప్పుడు ఆవిడ పేరు అసలు వచ్చేదే కాదు. ఇది నిజమైన లాభం, కొట్టిపారేయకూడదు. కానీ పాత్ర మాత్రం అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. గదిలో చూసిన ప్రతి మనిషికీ 36లో ఒక వంతు అవకాశం ఉండేది, ఇప్పుడు 120లో ఒక వంతు.

ఇదే లెక్కని నటి వైపు నుంచి చూద్దాం. ఏడాదికి 60 టేపులు చేసిందనుకుందాం. సైడ్స్ చదవడం, కంఠతా పట్టడం, రీడర్ని బతిమాలుకోవడం, లైట్లు పెట్టడం, తీయడం, బాగున్నదాన్ని ఎంచి పంపడం, అన్నీ కలిపి టేపుకి నాలుగు గంటలు. మొత్తం 240 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు 30. ఇరవై టేపులకి ఒక పాత్ర వస్తే ఏడాదికి మూడు పాత్రలు, ఒక్కోటీ రెండు రోజుల షూటింగ్ అయితే ఆరు రోజుల జీతం. ముప్పై రోజుల జీతం లేని పనికి ఆరు రోజుల జీతం ఉన్న పని. పూర్వం గది అద్దె, కెమెరా, చదివే మనిషి ఖర్చు కాస్టింగ్ ఆఫీసుది, ఇప్పుడది చాలావరకు నటుల నెత్తిన పడింది.

ఈ బరువు గురించి వచ్చిన గొడవే 2023 సమ్మె తర్వాత స్టూడియోలతో యూనియన్ చేసుకున్న ఒప్పందంలో నిబంధనలుగా మారింది. మొదటి టేపుకి ఎనిమిది పేజీలకు మించి అడగకూడదు, వారాంతాలు కలపకుండా కనీసం 48 గంటల గడువివ్వాలి, ప్రత్యేకమైన పరికరాలు కావాలని పట్టుబట్టకూడదు, ఇలాంటివి. ఆ ఒప్పందం పరిధి బయట ఉన్నవాళ్లకి వీటి రక్షణ లేదు. రేపు పొద్దున్నకల్లా పన్నెండు పేజీలు పంపమనే మెసేజీలు చాలాచోట్ల ఇప్పటికీ మామూలే.

గదిని ఇష్టపడే పాత నటుల వాదనా వినాలి. గదిలో దర్శకుడు "ఇప్పుడు ఇదే సీను కోపం లేకుండా చెయ్యి" అంటాడు, నటుడు మార్చి చూపిస్తాడు, ఆ మార్పులోనే అతని పనితనం తెలుస్తుంది. టేపుకి ఆ అవకాశం లేదు, మొదటి ఊహ తప్పితే అంతే. దీనికి కొత్తతరం జవాబు కూడా సబబుగానే ఉంటుంది: ఇంట్లో ఏడుసార్లు తీసి బాగున్నది పంపగలం, గదిలో ఒక్కసారి గొంతు వణికితే అయిపోయేది. నాకు రెండూ ఒప్పుకోదగ్గవే అనిపిస్తాయి. అవి రెండు వేర్వేరు నైపుణ్యాలు, అంతే. ఒకదానిలో దిట్ట అయినవాళ్లు రెండోదానిలో తేలిపోవడం మామూలు.

ఫొటో, రీల్, ప్రొఫైల్

వీటి గురించి ఇంటర్నెట్‌లో కావలసినదానికన్నా ఎక్కువే ఉంది కాబట్టి క్లుప్తంగా. హెడ్‌షాట్ అంటే ఇవాళ గదిలోకి నడిచొచ్చే మనిషిలాగే ఉండే ఫొటో, పదేళ్ల కిందటి అందమైన ఫొటో పంపితే చూసేవాళ్లకి చిరాకు తప్ప ఒరిగేదేమీ లేదు. షోరీల్ అంటే చేసిన పనుల్లోంచి రెండు మూడు నిమిషాల ముక్కలు, చూసేవాళ్లు మొదటి ముప్పై సెకన్లలోనే నిర్ణయానికి వచ్చేస్తారు గనుక మంచి ముక్క ముందుంటుంది, సంగీతం పెట్టి ముక్కలు ముక్కలుగా కత్తిరించిన ట్రైలర్ లాంటి రీల్‌లో నటన కనిపించదు. ఇంతకన్నా చెప్పడానికి పెద్దగా లేదు.

ఫాలోవర్ల సంఖ్య పాత్రలు తెస్తుందా

ఈ ప్రశ్నకి అవుననీ కాదనీ రెండు జవాబులూ గట్టిగా చెప్పేవాళ్లున్నారు, ఇద్దరి దగ్గరా ఉదాహరణలున్నాయి. 2017లో నటి సోఫీ టర్నర్ ఒక ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి ఇప్పటికీ అందరూ తలుచుకుంటారు: ఒక పాత్రకి తనూ, తనకన్నా చాలా మెరుగైన ఇంకో నటీ చివరిదాకా వచ్చారని, ఫాలోవర్లు ఎక్కువ ఉండటం వల్ల అవకాశం తనకి వచ్చిందని ఆవిడే ఒప్పుకుంది. అప్పటికే ఆవిడ ప్రపంచమంతా చూసిన సిరీస్‌లో ప్రధాన నటి అన్న సంగతి మాత్రం ఈ కథ చెప్పేవాళ్లు మర్చిపోతారు. ఫాలోవర్లు పాత్ర వల్ల వచ్చారు, ఆ ఫాలోవర్ల వల్ల ఇంకో పాత్ర వచ్చింది.

నా అంచనాలో ఈ ప్రశ్నకి జవాబు పని రకాన్ని బట్టి మారుతుంది. ప్రకటనల్లో, ముఖ్యంగా నటుడే తన పేజీలో కూడా ఆ ప్రకటన పెట్టాల్సిన ఒప్పందాల్లో, ఫాలోవర్లు నేరుగా డబ్బే. అక్కడ సంస్థ కొంటున్నది నటనతోపాటు ప్రచారాన్ని కూడా. చిన్న బడ్జెట్ సినిమాలో ముఖ్యపాత్రకి ఇద్దరు సమానంగా నిలిచినప్పుడు నిర్మాత చూపు సంఖ్య మీదకి పోవచ్చు, పెట్టుబడి పెట్టేవాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి కావాలి గదా. రెండు సీన్ల లాయరు పాత్రకి మాత్రం ఎవరూ పట్టించుకోరు, ఆ లాయర్ని చూడ్డానికి ఎవరూ టికెట్ కొనరు. గొంతు పనుల్లో, డబ్బింగ్‌లో, గేముల్లో కూడా చాలావరకు అంతే. వర్కింగ్ యాక్టర్ల ఏడాదిలో ఎక్కువ పని వచ్చేది ఈ ఫాలోవర్లు అక్కర్లేని కోవల నుంచే.

ఇంకో చిక్కుంది. ఒక పేజీ పెరిగేది ఒకే రకం పనిని పదేపదే చేయడం వల్ల. అత్తగారి వేషంలో మూడు వందల వీడియోలు చేసి పది లక్షల మందిని సంపాదించిన మనిషిని చూస్తే కాస్టింగ్ వాళ్లకి ఆ అత్తగారే గుర్తొస్తుంది. ఆ కోవలో పాత్ర ఉంటే అది వరం, హంతకురాలి పాత్రకి వెతుకుతుంటే అడ్డంకి. కొందరు దీన్ని తెలిసే ఒప్పుకుంటారు, ఒక గుర్తింపు లేకపోవడం కన్నా ఒకే గుర్తింపు ఉండటం నయం అని. అది తప్పని అనలేను.

సొంతంగా తీసుకోవడం: ఎదురుచూడకుండా, కానీ ఊరికే కాదు

అమెరికా నటి ఈసా రే కథ ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. 2011లో ఆవిడ యూట్యూబ్‌లో సొంతంగా ఒక వెబ్ సిరీస్ మొదలుపెట్టింది, 2016లో అమెరికా టీవీ చానెల్ హెచ్‌బీవోలో ఆవిడ సిరీస్ ప్రసారమైంది. "ఫోన్ పట్టుకుంటే చాలు" అనేవాళ్లకి ఇది ఇష్టమైన ఉదాహరణ. వాళ్లు రెండు విషయాలు వదిలేస్తారు. మధ్యలో ఐదేళ్లున్నాయి. పైగా ఆవిడ అందులో నటించడమే కాదు, రాసింది, దాన్ని నిర్మించే బాధ్యత కూడా తలకెత్తుకుంది. హెచ్‌బీవో వెతుక్కుంటూ వచ్చింది ఒక నటి కోసం మాత్రమే కాదు, ఒక కథా ప్రపంచం ఉన్న రచయిత్రి కోసం. ఎవరో రాసిన డైలాగులకి పెదాలు కదిపే వీడియోలకీ దీనికీ పోలిక లేదు. ఇంకా, ఇదే పని ఇంతే బాగా చేసి ఎక్కడికీ చేరనివాళ్ల కథలు మనకి వినపడవు, గెలిచినవాళ్ల ఇంటర్వ్యూలే వస్తాయి.

డబ్బు సంగతికొస్తే, యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, గత ఏడాదిలో 4,000 గంటల వీక్షణో, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూసో ఉండాలి. ఇది గీత దాటడం మాత్రమే, ఆ తర్వాత వచ్చేది ఎంతన్నది చూసేవాళ్లు ఏ దేశంవాళ్లు, వీడియో ఎంత పొడవు, ఏ విషయం అన్నవాటిని బట్టి విపరీతంగా మారిపోతుంది. అందుకే నటుల చానెల్‌ని ఆదాయ మార్గంగా కన్నా ప్రదర్శనశాలగా చూడటమే దగ్గరి లెక్క అని నాకనిపిస్తుంది. అయితే ఒక విషయంలో దానికి సాటి లేదు: హక్కులు. సొంతంగా రాసి తీసినది, రాతపూర్వకంగా వేరే ఎవరికీ ఇవ్వనంతవరకు, తీసినవాళ్లదే. స్నేహితులు నలుగురు కలిసి తీసినప్పుడు ఆ "వాళ్లది" ఎవరిది అన్నది ముందే కాగితం మీద పెట్టుకోకపోవడం వల్ల విడిపోయిన బృందాలు కోకొల్లలు.

డబ్బు ఏ రూపాల్లో వస్తుంది

నటుడికి వచ్చే డబ్బుని విడదీసి చూడాలి. షూటింగ్ రోజుకిచ్చేది పని కూలి. ఆ తీసినదాన్ని ఎక్కడ, ఎంతకాలం, ఏ దేశాల్లో వాడుకుంటారన్నదానికిచ్చేది వాడకం ఫీజు, ప్రకటనల్లో దీన్నే యూసేజ్ అంటారు. సినిమానో సిరీసో మళ్లీ మళ్లీ ప్రసారమైనప్పుడల్లా వచ్చే వాటా రెసిడ్యువల్. ఇవేమీ లేకుండా ఒక్కసారి మొత్తం ఇచ్చేసి హక్కులన్నీ తీసుకుంటే అది బయౌట్. ప్రపంచంలో చాలా పరిశ్రమల్లో నటులకి తెలిసినదీ దొరికేదీ ఈ చివరిదే.

రెసిడ్యువల్స్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1960లో, రోనాల్డ్ రీగన్ (తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే) యూనియన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, అమెరికా నటుల యూనియన్ సమ్మె చేసింది. సినిమాలు టీవీలో వేసుకుని స్టూడియోలు సంపాదిస్తుంటే నటులకి ఏమీ రావట్లేదన్నది గొడవ. అప్పటి నుంచి తీసే సినిమాలకి వాటా వచ్చింది, పాతవాటికి ఒకేసారి కొంత మొత్తం తీసుకుని పింఛను, ఆరోగ్య నిధి మొదలుపెట్టారు. పాత సినిమాల నటులు కొందరు దీన్ని చివరిదాకా క్షమించలేదు.

స్ట్రీమింగ్ వచ్చాక లెక్క మళ్లీ తిరగబడింది. టీవీలో "ఎన్నోసారి ప్రసారం" అన్నది లెక్కపెట్టగలం. స్ట్రీమింగ్‌లో సిరీస్ అలా పడుంటుంది, ఎవరు ఎప్పుడు చూశారన్నది సంస్థకే తెలుసు, చాలావరకు బయటికి చెప్పదు. 2023 ఒప్పందంలో దీనికి కొంత మందు వేశారు: విడుదలైన మొదటి 90 రోజుల్లో ఆ వేదిక దేశీయ చందాదారుల్లో 20 శాతానికి సమానమైన వీక్షణ వస్తే బోనస్, ఆ బోనస్‌లో 75 శాతం ఆ షో నటులకి, 25 శాతం ఇతర నటుల కోసం పెట్టిన నిధికి. మెచ్చుకున్నవాళ్లు, మొదటిసారి విజయానికీ చెల్లింపుకీ ముడి పడిందన్నారు. పెదవి విరిచినవాళ్లు, 20 శాతం దాటే షోలు ఎన్నని అడిగారు. రెండు మాటలూ నిజమే.

ఇప్పుడు ప్రకటన ఉదాహరణ. రోజు కూలి 10 వంతులు అనుకుందాం. ఒక దేశంలో, ఆన్‌లైన్‌లో మాత్రమే, ఏడాది వాడకానికి 20 వంతులు, ప్రతి ఏడాదీ పొడిగిస్తే మళ్లీ 20. ఎదురుగా ఇంకో ఆఫర్: అన్ని మాధ్యమాల్లో, అన్ని దేశాల్లో, ఎప్పటికీ, కూలితో కలిపి ఒకేసారి 40. మొదటి చూపులో 30 కన్నా 40 ఎక్కువ. ప్రకటన రెండో ఏడాదికి పొడిగిస్తే మొదటి పద్ధతిలో 50 వస్తుంది, మూడో ఏడాదికి 70. అదే ప్రకటన మూడు నెలలకే ఆపేస్తే బయౌట్ తీసుకున్నవాళ్లే పది వంతులు ముందున్నట్టు. అంటే బయౌట్ ప్రతిసారీ మోసమేమీ కాదు, అదొక పందెం. అయితే ఆ లెక్కలో కనపడని ఖర్చు ఇంకోటుంది. ఒక బ్రాండు ప్రకటనలో మొహం కనిపిస్తున్నంతకాలం దాని పోటీ బ్రాండు ఆ మొహాన్ని తీసుకోదు. ఏడాది ఒప్పందమైతే ఏడాది తర్వాత దారి తెరుచుకుంటుంది. "ఎప్పటికీ" అన్నచోట ఆ కోవ మొత్తం ఎప్పటికీ మూసుకుపోవచ్చు, ఇంటర్నెట్‌లో పాత ప్రకటనలు చావవు కాబట్టి. ఆన్‌లైన్ ఒప్పందాల్లో "ఎప్పటికీ" అన్న మాట చాలా తేలిగ్గా, మిగతా పదాల మధ్య నలిగిపోయినట్టు రాసి ఉంటుంది.

డబ్బు ఎదురు ప్రవహించే చోటు కూడా ఒకటుంది. ఆడిషన్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు అడిగేవాళ్లు. కాలిఫోర్నియాలో 2009లోనే ఆడిషన్‌కి డబ్బు వసూలు చేయడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు, 2017లో శిక్షణ వర్క్‌షాపుల పేరుతో ఆడిషన్లు అమ్ముకున్నారని లాస్ ఏంజెలిస్‌లో 25 మంది మీద కేసులు పెట్టారు. శిక్షణకి ఫీజు, డైరెక్టరీ సభ్యత్వానికి చందా మామూలు వ్యాపారమే. పాత్ర ఆశ చూపించి తీసుకునే డబ్బుకి మాత్రం వేరే పేరుంది.

ఏఐ: కొంటున్నది ఏమిటన్నదే అసలు తగువు

ఏఐ అనగానే అన్నీ కలిపేస్తారు గానీ ఇందులో మూడు రకాలున్నాయి. షూటింగ్‌కి వచ్చిన నటుణ్ణి స్కాన్ చేసి అతని డిజిటల్ ప్రతి తయారుచేయడం మొదటిది. నటుడు రాకుండానే, పాత వీడియోలూ గొంతూ వాడి అతన్ని తయారుచేయడం రెండోది. ఏ ఒక్కరి పోలికా కాకుండా కొత్త బొమ్మని పుట్టించడం మూడోది, టిల్లీ నార్‌వుడ్ ఈ కోవ. 2023 ఒప్పందం వీటిని వేర్వేరుగానే నిర్వచించింది, మొదటి రెండిటికీ నటుడి అనుమతి, చెల్లింపు తప్పనిసరి చేసింది, ఆ అనుమతి అడిగేటప్పుడు దేనికి వాడతారో వివరంగా చెప్పాలంది. ఓటేసిన సభ్యుల్లో 78 శాతం మంది ఆ ఒప్పందాన్ని ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ల వాదన తీసేయదగ్గది కాదు: పని కావలసిన మనిషి అనుమతి ఇవ్వనని ఎలా అంటాడు, అంటే ఆ పాత్ర ఇంకొకరికి పోదా? వీడియో గేముల నటులు ఇదే విషయం మీద 2024 జులైలో మొదలుపెట్టిన సమ్మె దాదాపు ఏడాది నడిచింది.

టిల్లీ విషయంలో యూనియన్, అది నటి కాదు, అనుమతి లేకుండా ఎందరో నటుల పని మీద శిక్షణ పొందిన ప్రోగ్రాం అంది. తయారుచేసినావిడ, ఇది మనుషుల స్థానంలో పెట్టడానికి కాదు, దీన్ని ఒక కళాఖండంగా చూడమంది. న్యాయస్థానాలు నెమ్మదిగా కదులుతున్నాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, అనుమతి లేకుండా అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు వాడి వ్యాపారం చేయడాన్ని, ఏఐతో చేసినవాటితో సహా, ఆపింది. కానీ అది అందరూ గుర్తుపట్టే మనిషికి దొరికిన రక్షణ. రెండు సీన్ల లాయరు మొహానికి మార్కెట్ విలువ ఉందని కోర్టులో నిరూపించడం వేరే సంగతి. అతనికి దగ్గర్లో ఉన్న రక్షణ సంతకం పెట్టే కాగితమే. "ఇప్పుడున్న, ఇకమీద కనిపెట్టబోయే అన్ని సాంకేతికతల్లో" అన్న వాక్యం పాత కాంట్రాక్టుల్లోనూ ఉండేది, అప్పుడు దానర్థం క్యాసెట్ పోయి డిస్క్ వస్తే అని. ఇప్పుడు అదే వాక్యం కింద గొంతుని నమూనాగా వాడుకోవచ్చా అన్నది వాదించుకోవలసిన ప్రశ్న అయింది.

ముందు దెబ్బ తగిలేది ఎక్కడ అంటే, నాకు తోచినంతలో, ఎవరు చేశారో ఎవరూ అడగని పనుల్లో: గుంపు సీన్లు, ఆన్‌లైన్ పాఠాల గొంతులు, చిన్న కంపెనీల వివరణ వీడియోలు. బాధ ఏంటంటే వర్కింగ్ యాక్టర్ల ఇంటి అద్దె కట్టేవి చాలావరకు ఈ పనులే, కొత్తవాళ్లు పని నేర్చుకునేవీ ఇవే.

ఒక ఏడాది లెక్క

ఇవన్నీ కలిస్తే ఎలా ఉంటుందో ఒక ఊహా నటి ఏడాదిని చూద్దాం. మొత్తం ఆదాయం 100 అనుకుంటే, సిరీస్ పాత్రలు 40, ప్రకటనలు 30 (అందులో 20 వాడకం ఫీజు), గొంతు పనులు 20, వారాంతపు నటన క్లాసులు చెప్పడం వల్ల 7, సొంత చానెల్ 3. సిరీస్, ప్రకటనల మీద ఏజెంటుకి పది శాతం, అంటే 7 పోతుంది. సిరీస్ డబ్బు షూటింగ్ అయిన రెండు మూడు నెలలకి వస్తుంది, వాడకం ఫీజు ప్రకటన మొదలయ్యాక, కాబట్టి ఏడాది మొత్తం మీద బాగానే ఉన్నట్టు కనిపించే ఈ లెక్కలో ఆ రెండిటి నుంచి వరసగా నాలుగు నెలలు దాదాపు సున్నా ఉండొచ్చు. ఆ నాలుగు నెలలు దాటించింది క్లాసుల 7, గొంతు పనుల 20.

ఇప్పుడు సమయం చూడండి. ఆవిడ పని గంటల్లో మూడో వంతు ఆ 3 సంపాదించిన చానెల్‌కే పోయింది. బంధువులకీ స్నేహితులకీ ఆవిడ నటి అని తెలిసింది కూడా ఆ చానెల్ వల్లే, మిగతా 97 వాళ్ల కంటపడలేదు. ఇదంతా వృథా శ్రమ అనొచ్చు. కానీ ఏజెంటు పంపిన రీల్‌లో ఒక ముక్క ఆ చానెల్‌కోసం తీసిన సీనే, దాన్ని చూసే సిరీస్ వాళ్లు టేపు అడిగారనుకుంటే, ఆ 40లో కొంత చానెల్ ఖాతాలో రాయాలి. ఎంత రాయాలన్నదానికి మాత్రం ఏ నటికీ కచ్చితమైన లెక్క దొరకదు. టేపు ఎందుకు అడిగారో, ఎందుకు అడగలేదో కాస్టింగ్ ఆఫీసులు చెప్పవు, చెప్పేంత తీరిక వాళ్లకీ లేదు.